యుటిల్-లినక్స్‌ను కంటైనర్‌లో బిల్డ్ చేసి పరీక్షించే పద్ధతి

మౌంట్, ఎఫ్‌డిస్క్, ఎల్‌ఎస్‌బీఎల్‌కే, క్యాల్, కాలమ్ లాంటి లినక్స్ ఆదేశాలన్నీ యుటిల్-లినక్స్ అనే ఒకే ప్రాజెక్టులోవి. నాకు వీటిలో, వచనాన్ని పట్టికగా అమర్చే కాలమ్ మీద ప్రత్యేకమైన శ్రద్ధ. తెలుగు పేర్లున్న పట్టిక ఇచ్చినా వరుసలు తిన్నగా రావాలని నా పట్టుదల. ఒక్కో అక్షరం తెరపై ఎన్ని గడులు తీసుకుంటుందో చెప్పేది సి లైబ్రరీ. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో (పంపిణీ)లో అది గ్లిబ్‌సీ, ఆల్పైన్ అనే డిస్ట్రోలో మజిల్. అందుకే నా ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) రెండుచోట్లా నడిచిందని కళ్లతో చూడందే పంపను. ఒకే ల్యాప్‌టాప్‌లో అలా చూడటానికి కంటైనర్‌ను, అంటే మరో డిస్ట్రో ఫైళ్లతో విడిగా నడిచే గదిలాంటి దాన్ని, మించిన సాధనం నాకు కనిపించలేదు.

కంటైనర్లను నడపడానికి పాడ్‌మాన్ వాడండి. రూట్ అధికారం లేకుండా, వెనుక సర్వీసేదీ లేకుండా నడుస్తుంది. ముందు కంటైనర్‌ఫైల్ (ఇమేజ్ తయారీ సూచనల ఫైల్) రాసి, బిల్డ్‌కు కావలసిన ప్యాకేజీలన్నీ ఇమేజ్‌లోనే (కంటైనర్ మొదలయ్యే అచ్చులోనే) పెట్టేయండి. డెబియన్ బుక్‌వార్మ్ ఇమేజ్‌లో సోర్స్ రిపాజిటరీ తెరిచి ఉండదు. ఆప్ట్ (ప్యాకేజీలు తెచ్చే సాధనం) ఫోల్డర్‌లోని డెబియన్.సోర్సెస్ ఫైల్లో ‘టైప్స్’ వరుసలో డెబ్ పక్కన డెబ్-ఎస్‌ఆర్‌సీ చేర్చి, అప్‌డేట్ చేశాక, ఆప్ట్-గెట్ బిల్డ్-డెప్ యుటిల్-లినక్స్ అంటే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ఆల్పైన్‌లో బిల్డ్-బేస్, లినక్స్-హెడర్స్, ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్, బైసన్, ఫ్లెక్స్, గెట్‌టెక్స్ట్-డెవ్, ఎన్‌కర్సెస్-డెవ్ మీరే చేర్చుకోవాలి. ఇంకా ఏదైనా తక్కువైతే బిల్డ్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్ చెబుతుంది.

ఒక్కో డిస్ట్రోకు సోర్స్ కాపీ విడిగా ఉంచండి. గ్లిబ్‌సీతో తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లు మజిల్ బిల్డ్‌లో కలిస్తే వచ్చే తప్పులకు తలా తోకా ఉండదు. ఒకే డిస్కులో గిట్ క్లోన్ చేస్తే హార్డ్ లింకులతో సరిపెట్టుకుంటుంది కాబట్టి చోటు పెద్దగా పట్టదు.

ఆ కాపీని వాల్యూమ్‌గా (కంటైనర్ లోపల కనిపించే ఫోల్డర్‌గా) తగిలించి పాడ్‌మాన్ రన్ చేసేటప్పుడు మూడు ఆప్షన్లు మరవకండి. యూజర్-ఎన్‌ఎస్‌కు కీప్-ఐడీ ఇస్తే లోపల కూడా మీరు మీరుగానే ఉంటారు, ఫైళ్ల యాజమాన్యం మారదు, యజమాని వేరని గిట్ మొరాయించదు. ఇనిట్ ఆప్షన్ ఇస్తే ఒకటో నంబరు ప్రాసెస్‌గా చిన్న ప్రోగ్రాం నిలబడి, చచ్చిన పిల్ల ప్రాసెస్‌లను తీసేస్తుంది. అది లేకపోతే మీ షెల్లే ఆ స్థానంలో కూర్చుంటుంది, అప్పుడు సిగ్నళ్ల పరీక్షలు నమ్మదగినవి కావు. మూడోది ల్యాంగ్‌ను సి.యూటీఎఫ్-8గా పెట్టడం. మామూలుగా కంటైనర్‌లో ఏ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) ఉండదు. అప్పుడు గ్లిబ్‌సీ ఉన్నచోట మూడు బైట్ల తెలుగు అక్షరం కాలమ్‌కు అక్షరంగానే కనిపించదు. ఫెడోరా మీద పనిచేసేవాళ్లు ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ కోసం వాల్యూమ్ చివర పెద్ద జడ్ కూడా తగిలించాలి.

లోపలికి వెళ్లాక ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్, మేక్ చెక్ వరుసగా నడపండి; చివరిది పరీక్షలను నడుపుతుంది. మేక్‌కు సమాంతర పనుల సంఖ్య ఇచ్చేటప్పుడు కంటైనర్‌కు మీరు పెట్టిన మెమరీ పరిమితిని గుర్తుంచుకోండి. ఫ్రీ ఆదేశం చూపేది మొత్తం యంత్రం మెమరీని. 137 కోడ్‌తో కంటైనర్ ఆగిపోతే ముందుగా మెమరీని అనుమానించండి.

ఇక మేక్ చెక్ ఫలితాన్ని ఎలా చదవాలి? నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ‘స్కిప్‌డ్’ అని వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చదవండి. రూట్ కావలసిన పరీక్షలు, అంటే లూప్ డివైస్‌లు (ఫైల్‌ను డిస్కులా చూపేవి), మౌంట్‌లు వాడేవి, ఇక్కడ నడవవు. వాటిని నడిపించాలని, కంటైనర్ అడ్డుగోడలు తీసేసే ప్రివిలేజ్‌డ్ ఆప్షన్ పెట్టడాన్ని నేను గట్టిగా వద్దంటాను. లూప్ డివైస్‌లకు నేమ్‌స్పేస్ (కంటైనర్‌కో విడి ప్రపంచం) లేదు, అవి మీ యంత్రానివే. రూట్‌గా నడిచే డాకర్ అనే మరో కంటైనర్ సాధనంలో ఆ ఆప్షన్ పెడితే మీ అసలు డిస్కులే లోపల కనిపిస్తాయి. అక్కడ డిస్కును విభజించే ఎఫ్‌డిస్క్ పరీక్షలతో ఆడుకోవడం ఎవరికీ మంచిది కాదు. పైగా యూనేమ్ అడిగితే తెలుస్తుంది, లోపల ఉన్నది కూడా మీ కెర్నలే. డెబియన్ ఇమేజ్ తెచ్చినంత మాత్రాన డెబియన్ కెర్నల్ మీద పరీక్షించినట్టు కాదు. మౌంట్‌ను తాకే ప్యాచ్ అయితే క్యూఈఎంయూలో పూర్తి వర్చువల్ మెషిన్ పెట్టుకోవాల్సిందే.

పాత డిస్ట్రోల కోసం అల్మాలైనక్స్ 8 ఇమేజ్ కూడా ఒకటి ఉంచుకోండి. అందులో గ్లిబ్‌సీ 2.28. 2021లో వచ్చిన గ్లిబ్‌సీ 2.34లో ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ఇచ్చారు. అందువల్ల కొత్త డిస్ట్రోలో మామూలుగా లింక్ చేసిన బైనరీని, అది ఎంత చిన్నదైనా, తెచ్చి ఇక్కడ పెడితే మొదలే కాదు. బైనరీని మోయకండి, ఇక్కడే మళ్లీ బిల్డ్ చేయండి.

తప్పు దొరికి బగ్ రాసేటప్పుడు ఇమేజ్ పేరుతో ఆగకండి. ‘లేటెస్ట్’ అనే ట్యాగ్ కాలంతో జరుగుతూ ఉంటుంది. ఇమేజ్ డైజెస్ట్‌ను (ఆ ఇమేజ్‌కే చెందే మారని గుర్తును), మీ కెర్నల్ వెర్షన్‌ను, మేక్ చెక్‌లో విఫలమైన పరీక్ష పేరును కలిపి రాయండి.