నాన్నకు మటన్ మళ్లీ మింగుడుపడింది

పక్షవాతం వచ్చాక నాన్నకు మటన్ ముక్క నోట్లో పెడితే దగ్గే. కీమా, పలచటి సూప్, కుక్కర్లో పదిహేను విజిల్స్, అన్నీ అయ్యాయి. కీమా పలుకులుగా విడిపోయి మరీ ఇబ్బంది పెట్టింది.

చివరికి కుదిరింది ఇలా. ఎముకల్లేని మెత్తటి మటన్ అరకిలోకి చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద, కాస్త పెరుగు పట్టించి గంట ఉంచాను. కుక్కర్లో సన్నమంట మీద 40 నిమిషాలు. గోరువెచ్చగా ఉండగానే, ఉడికిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీ పట్టి, జల్లెడలో గరిటెతో రుద్దాను. అడుగున మిగిలిన పీచు చూశాక అర్థమైంది, ఇన్నాళ్లూ అడ్డుపడింది ఇదేనని. చెంచా వంచితే ముద్ద మొత్తం ఒకేసారి జారాలి, నీరు విడిగా కారకూడదు. కారితే ఉడికిన పెసరపప్పు కలిపి మళ్లీ తిప్పుతాను.

ఈ చిక్కదనం నాన్నకు స్పీచ్ థెరపిస్ట్ (మాటతో పాటు మింగడంలో ఇబ్బందులూ చూసేవారు) చెప్పింది. మీవాళ్లకు వేరేగా ఉండొచ్చు, అడక్కుండా పెట్టకండి. చికెన్‌తో నేనింకా చూడలేదు.