కోనసీమలో స్వతంత్ర చిత్రాలకు ఏటా పురస్కారాలు ఇవ్వదలచిన వారికి

సొంత డబ్బుతో, స్నేహితుల సాయంతో సినిమా తీసేవారు గోదావరి జిల్లాలలో చాలామందే ఉన్నారు. వారి కోసం ఏటా పురస్కారోత్సవం జరపాలని మీ సంఘమో, గ్రంథాలయమో సంకల్పించినప్పుడు ‘స్వతంత్ర చిత్రం’ అంటే ఏమిటో ముందుగా రూపాయలలో తేల్చుకోండి. అమెరికాలో 1984లో మొదలైన ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డులలో స్వతంత్ర చిత్రాల దర్శకుడు జాన్ కసావెటిస్ పేరిట ఇచ్చే బహుమతికి 5 లక్షల డాలర్ల ఖర్చు పరిమితి ఉండేది. తరువాత దానిని 10 లక్షలకు పెంచారు. మీరూ ఒక అంకె నిర్ణయించి, దర్శకుడు సంతకం చేసిన ఖర్చుల పట్టీని దరఖాస్తుతోనే తీసుకోండి.

తేదీని పంటకాలం చూసి పెట్టుకోవాలి. జూలై, ఆగస్టులలో వరద వస్తే లంక గ్రామాల వారు ఏరు దాటి రాలేరు. ఏప్రిల్ దాళ్వా కోతల నెల. అందువల్ల సంక్రాంతి సందడి తగ్గాక, ఫిబ్రవరిలో జరపడం అన్నివిధాలా అనుకూలం.

అన్నింటికంటె ఎక్కువ శ్రద్ధ న్యాయనిర్ణయంపై పెట్టండి. ఒక పోటీకి నేను పంపిన నలభై నిమిషాల చిత్రాన్ని పదో నిమిషంలోనే ఆపేశారని తెలిసిన రోజు, బహుమతి రాలేదన్న బాధ కంటె ఆ మిగిలిన ముప్పై నిమిషాలూ ఎవరూ చూడలేదన్న బాధే నన్ను ఎక్కువగా కుంగదీసింది. కనుక ముగ్గురు లేదా ఐదుగురు నిర్ణేతలు ఒకే గదిలో కూర్చుని, ప్రతి చిత్రాన్నీ చివరి అక్షరం పడేదాకా చూడాలి. మన ప్రాంతంలో చుట్టరికాలు ఎక్కువ. తమ బంధువుల చిత్రంగాని, శిష్యుల చిత్రంగాని వచ్చినప్పుడు ఆ నిర్ణేత మార్కులు వేయకూడదు. బహుమతి రాని వారికి కూడా అరపేజీ అభిప్రాయం రాసి పంపండి.

సెన్సారు సర్టిఫికెట్ లేని చిత్రాలను ఉత్సవంలో ప్రదర్శించడానికి కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ మినహాయింపు అవసరం కాబట్టి ఆ దరఖాస్తు ముందుగానే పంపాలి. ముందురోజే ప్రతి ఫైలునూ థియేటరులో వేసి, చివరి వరుసలో కూర్చుని మాటలు వినండి. తెలుగు ఉపశీర్షికలను ప్రత్యేకంగా చూడండి: ఫాంటు సరిపోకపోతే ‘తమ్ముడు’లోని మావత్తు విడిపోయి తెరపై ‘తమ్‌ముడు’ అని పడుతుంది.

అమెరికా అవార్డుల జ్ఞాపిక తొలిరోజులలో ఒక పారదర్శక పిరమిడ్. అందులో బూట్ల లేసులు వేలాడేవి. ఇంగ్లీషులో లేసు చాలీచాలని డబ్బుకు గుర్తు. మనకు ఆ అర్థం తోచదు కనుక, గాజు పలకల మధ్య కోనసీమ కొబ్బరి పీచుతాడును జానెడు పొడవున అమర్చితే బాగుంటుంది. పురి విప్పితే ఒక్కో పోగూ తెగిపోయేంత సన్నం. పేనిన తాడు పడవను కట్టి ఆపుతుంది.

ఆ అమెరికా అవార్డుల ఉత్సవం చాలా ఏళ్లపాటు శాంటా మోనికా సముద్రతీరాన, పగటిపూట, గుడారంలో జరిగేది. మనకు కొబ్బరితోటలో పందిరి చాలు. అయితే పగటి వెలుతురులో బొమ్మ కనిపించదు. చిత్రాలను ఉదయం థియేటరులో చూపి, సాయంత్రం పందిట్లో బహుమతులు ఇవ్వండి. అతిథుల ప్రసంగాలు బహుమతుల తరువాతే ఉండాలి. దర్శకుడితోపాటు ధ్వని పట్టినవారినీ, కూర్పు చేసినవారినీ పేరు పెట్టి వేదికపైకి పిలవండి.

వారం తిరగకముందే, గెలిచిన చిత్రాన్ని అది తీసిన ఊళ్లోనే బడి ఆవరణలో తెర కట్టి ప్రదర్శించండి. అందులో నటించిన ఊరివారికి ముందు వరుస కుర్చీలు వేయండి.