చీలిన నక్షత్రం వెలుగులో – 4వ పాఠం: ధూళి ఎంత దూరంలో ఉంది?

పోయిన పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట తప్పారు. బ్లాక్‌హోల్ ఎంత పెద్దదైతే నక్షత్రాన్ని అంత తేలిగ్గా చీలుస్తుందని రాశారు. అది సరిచేసుకోనిదే ఈ పాఠం ఎక్కదు.

బ్లాక్‌హోల్ బరువు నక్షత్రం బరువుకు ఎన్ని రెట్లో చూసి, దాని ఘనమూలంతో నక్షత్ర వ్యాసార్ధాన్ని హెచ్చవేస్తే చీల్చే దూరం వస్తుంది, అంటే బ్లాక్‌హోల్ ఆకర్షణ నక్షత్రాన్ని చీల్చేయగల దూరం. సూర్యుడిలాంటి నక్షత్రాన్నీ, 10 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్‌హోల్‌నూ తీసుకోండి. ఘనమూలం 100, చీల్చే దూరం దాదాపు 7 కోట్ల కిలోమీటర్లు. వెలుగైనా తిరిగిరాని హద్దు 30 లక్షల కిలోమీటర్లే. కాబట్టి చీలిక బయటే జరుగుతుంది, మనకు కనిపిస్తుంది. ఇప్పుడు బరువును వందరెట్లు చేయండి. హద్దూ వందరెట్లై 30 కోట్లకు చేరుతుంది. చీల్చే దూరం మాత్రం 4.6 రెట్లే పెరిగి 32 కోట్ల దగ్గర ఆగుతుంది. ఇంకాస్త పెంచితే నక్షత్రం చీలకుండానే లోపలికి పోతుంది. (తనచుట్టూ తాను తిరగని బ్లాక్‌హోల్ లెక్క ఇది.)

ఇక అసలు విషయం. చీలిన పదార్థంలో కొంత తిరిగొచ్చి భగ్గుమంటుంది. ఆ వెలుగు చుట్టూ ఉన్న ధూళిని కాలుస్తుంది. మరీ దగ్గరి ధూళి ఆవిరైపోతుంది, మిగిలినది వేడెక్కి పరారుణంలో, అంటే కంటికి కనిపించని కాంతిలో, వెలుగుతుంది. ఆ పరారుణ వెలుగు మొదటి వెలుగు కన్నా ఎన్ని రోజులు ఆలస్యంగా వచ్చిందో, ధూళి బ్లాక్‌హోల్‌కు అన్ని కాంతి రోజుల దూరంలో ఉన్నట్టు (వెలుగు ఒక రోజులో పోయే దూరం ఒక కాంతి రోజు). నేను కిలోమీటర్ల జోలికే పోను. ఆలస్యం 150 రోజులైతే 150 కాంతి రోజులని రాస్తాను.

ఇక్కడే ఏటా ఒక తప్పు చూస్తాను: 150ని రెండుతో భాగించడం. కొండ ముందు కేకేసినప్పుడు భాగిస్తాం, ఎందుకంటే కేకేసేదీ వినేదీ మనమే. ఇక్కడ కేక ఎక్కడో, చెవి ఎక్కడో. వెలుగుకూ మనకూ మధ్యనున్న ధూళి అసలు ఆలస్యం చేయదు. పక్కలనున్నది వ్యాసార్ధమంత ఆలస్యం చేస్తుంది. వెనకున్నదైతే రెండింతలు, వెళ్లి రావాలి కదా. గోళంలా పరుచుకున్న ధూళికి వీటి సగటు ఒక వ్యాసార్ధం. అందుకే భాగించకండి. గెలాక్సీ మనకెంత దూరమన్నదీ లెక్కలోకి రాదు, ఆ ప్రయాణం రెండు వెలుగులకూ ఉమ్మడే.

ఒక్కోసారి ధూళి మొదటి వెలుగును పూర్తిగా మింగేస్తుంది. 15 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు ఢీకొంటున్న ఆర్ప్ 299లో 2005 జనవరిలో పరారుణంలో ఒక చుక్క ప్రకాశించింది. కంటికి కనిపించే కాంతిలో దాదాపు ఏమీ లేదు. మొదట సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలడం, అనుకున్నారు. ఏళ్ల తరబడి రేడియో తరంగాల్లో చూస్తే అది ఒకే దిక్కుకు సాగుతున్న పదార్థపు ధార. నక్షత్రం చీలిన సంగతిని 2018లో ప్రకటించారు. ధూళి అడ్డొచ్చినా రేడియో తరంగాలు దాటొస్తాయి. వాటితో వాయువు సాంద్రత కొలవడం వచ్చే పాఠంలో.

అభ్యాసం: ధూళి గోళంగా కాక పలుచని వలయంగా ఉందనుకోండి, వ్యాసార్ధం 100 కాంతి రోజులు. వలయం మనకు ఎదురుగా తిరిగి ఉంటే పరారుణ వెలుగు ఏ రోజున వస్తుంది? అంచు మనవైపు ఉంటే ఏ రోజు నుంచి ఏ రోజు దాకా? 45 డిగ్రీలు వంగితే? మూడింటికీ గ్రాఫులు చేత్తో గీయండి. రెండోదానిలో నడుమ పల్లమొచ్చి, రెండు కొసలూ లేస్తాయి. ఎందుకో మీ మాటల్లో రాయండి.