తెర వెలగని డెస్క్‌టాప్‌కు ముందుగా ర్యామ్ శుభ్రం చేసి చూడండి
డెస్క్‌టాప్ కంప్యూటర్ పనిలో ఉండగానే ఆగిపోయి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే, మరమ్మతుకు పంపే ముందు ర్యామ్‌ను (కంప్యూటర్ లోపల గుచ్చి ఉండే మెమరీ పట్టీని) ఒకసారి శుభ్రం చేసి చూడడం మంచిది. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. తరువాత పక్క మూత తీసి, కేబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, ర్యామ్‌ను అంచులు పట్టుకొని బయటికి తీసి, దాని బంగారు రంగు కాంటాక్టులను మెత్తని పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు పడేవరకు తిరిగి నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. చెడినది ఏదో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. ఫ్యాన్ అసలు తిరగకపోయినా, కాలిన వాసన వచ్చినా లోపం పవర్ సప్లైలోనో మదర్‌బోర్డులోనో ఉండవచ్చు కాబట్టి ఈ పద్ధతి ఉపయోగపడదు; అప్పుడు పవర్ సప్లై పెట్టెను మాత్రం ఇంట్లో విప్పకండి.