ఎత్తు మార్చుకోగల మడత బల్ల
మడత బల్ల తయారీలో పైపలక కన్నా కాళ్ల లెక్కే ముఖ్యం. 18 మి.మీ. ప్లైవుడ్ పలక అడుగున చెక్క పట్టీలతో చట్రం బిగించి, మడిచినప్పుడు కాళ్లు ఒకదానికొకటి తగలకుండా రెండో జతను ఒక కాలి మందం మేర లోపలికి జరిపి బోల్టులతో అమర్చాలి. ఎత్తు మారేందుకు ఒక్కో కాలిని, పక్కపక్కన ఆనించి బోల్టులతో కలిపే రెండు ముక్కలుగా కోసి, ఆ ముక్కలన్నింటినీ ఒకచోట పేర్చి క్లాంపుతో బిగించి, 25 మి.మీ. ఎడంతో 8 మి.మీ. బోల్టు పట్టే రంధ్రాలను ఒకేసారి వేయాలి. నేను మొదటిసారి విడివిడిగా వేసి, ఏ రంధ్రమూ కలవక ఆకురాయితో పెద్దవి చేసుకున్నాను, దాంతో బల్ల ఊగిపోయింది. ప్రతి కాలిలో ఈ ముక్కలు కలిసేచోట రెండేసి బోల్టులు తప్పనిసరి, ఒక్కటే ఉంటే కాలు మోకాలిలా వంగుతుంది. కాళ్ల జతల మధ్య అడ్డపట్టీ, నిలిపి ఉంచేందుకు ఏటవాలు ఊతకర్ర బిగించి, అంచులను గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూయాలి.