నీళ్ల మీద కెమెరా – మూడో పాఠం: వంటింటి డబ్బా

కిందటి పాఠంలో పాలిథిన్ కవరు, లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం), రబ్బరు బ్యాండులతో కెమెరాకు తొడుగు చేసుకున్నాం. చెన్నై దగ్గరి ముట్టుకాడులో పడవ షికారుకి అది చాలు. పులికాట్‌లో రాజహంసల కోసం వెళ్తే మాత్రం చాలదు. ఎదురుగాలిలో మోటారు పడవ వేగం అందుకుందంటే నీళ్లు చెంబుతో కొట్టినట్టు మీదపడతాయి. ఫొటో తీయని సేపు కెమెరా దాక్కోవడానికి చోటు కావాలి.

మూతకు సిలికాన్ వాషర్, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కొనండి. చెన్నైలో ప్యారిస్ కార్నర్ సందుల్లో దొరుకుతుంది. లోపల తడి చేరితే బయటికే తెలిసేలా పారదర్శకంగా ఉండాలి. మరతిప్పుడు మూత వద్దు, ఊగే పడవలో ఒంటిచేత్తో తీయలేం. అడుగునా పక్కలా పాత యోగా మ్యాట్ ముక్కలు పరవండి.

ఇక పరీక్ష. ఇది చేయకుండా కెమెరా పెట్టొద్దు. న్యూస్‌పేపర్ ముక్క మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి లోపల పెట్టి, మూత వేసి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి ఉంచండి. తేలిపోకుండా పైన రుబ్బురాయి పొత్రం పెట్టండి. చుక్క నీరు దూరినా గీత అలుక్కుపోతుంది. అలుక్కుందా? డబ్బాను తిట్టే ముందు వాషర్ తుడవండి. చాలాసార్లు దొంగ అక్కడ ఇరుక్కున్న వెంట్రుకో ఇసుక రేణువో అయి ఉంటుంది.

తర్వాత తేలుతుందో లేదో చూడాలి. 5 లీటర్ల డబ్బా పూర్తిగా మునగాలంటే మొత్తం బరువు సుమారు 5 కిలోలు దాటాలి. కెమెరా, లెన్స్, డబ్బా కలిపి రెండున్నర కిలోలైతే సగం పైకే ఉంటుంది. కెమెరాకు బదులు అంత బరువున్న బియ్యం ప్యాకెట్ పెట్టి చూడండి. నేను మొదటిసారి చక్కెర పెట్టాను. వాషర్ తుడవలేదు. రెండు రోజులు మా ఇంట్లో కాఫీ చేదే.

తేమకు సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. బియ్యం వేయమంటారు కొందరు, ఆ పిండి లెన్స్ రింగులోకి దూరుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను చెన్నై ఉక్కలో వెంటనే బయటికి తీస్తే అద్దం మసకబారుతుంది. మూసిన డబ్బాలోనే అరగంట వేడెక్కనివ్వండి.

ఇంటికొచ్చాక పొడిగుడ్డతో రుద్దొద్దు, ఉప్పు గీతలు పడతాయి. మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ముందు అద్ది, ఆ తర్వాత తుడవండి. డబ్బా వాషర్‌ను ఊడదీసి కడగండి.

వచ్చే పాఠం మెడపట్టీకి తేలే బెండు. పాత రబ్బరు చెప్పులుంటే పారేయకండి.