బయాలజీ పేపర్‌ను జర్నల్‌కు సిద్ధం చేయడం: ఏది ముందు, ఏది వెనక

పేపర్‌ను చదివేవాళ్లు శీర్షికతో మొదలుపెడతారు. రాసేవాళ్లు కూడా అక్కడే మొదలుపెడితే ఉపోద్ఘాతం నాలుగుసార్లు తిరగరాయాల్సి వస్తుంది. ముందు ఫిగర్లు, తర్వాత మెథడ్స్, ఫలితాలు, ఆపైన చర్చ, ఉపోద్ఘాతం, చిట్టచివర సారాంశం, శీర్షిక. పని సాగే వరుస ఇది. వీటన్నిటికంటే ముందు కదిలించాల్సినవి మరికొన్ని ఉన్నాయి. అవి మన చేతిలో ఉండవు.

మన చేతిలో లేనివి

మొదటిది డేటా డిపాజిట్, అంటే డేటాను అందరూ చూడగలిగే డేటాబేస్‌లలో చేర్చడం. డీఎన్‌ఏ సీక్వెన్సులు జెన్‌బ్యాంక్‌కు, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ముడి డేటా ఎస్‌ఆర్‌ఏకు, జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటా జియోకు, ప్రొటియోమిక్స్ ప్రైడ్‌కు, ప్రొటీన్ నిర్మాణాలు పీడీబీకి వెళ్లాలి. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ కూడా 2022 నుంచి డేటా తీసుకుంటోంది. డేటాబేస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే యాక్సెషన్ నంబర్, పేపర్‌లో లేకపోతే చాలా జర్నల్స్ ముందుకు కదలవు. డిపాజిట్‌లో అప్‌లోడ్ కంటే శాంపిళ్ల వివరాల పట్టిక నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఏ కణజాలం, ఏ వయసు, ఏ ట్రీట్‌మెంట్, ఎన్నో పునరావృతి (రెప్లికేట్) అన్నది ఫైలు పేర్లతో సరిపోలాలి. ప్రొటీన్ కోడింగ్ భాగం మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపమనే సంకేతం) కనిపిస్తే జెన్‌బ్యాంక్ తిప్పి పంపుతుంది. చాలాసార్లు అది రీడింగ్ ఫ్రేమ్‌ను (మూడేసి అక్షరాలను ఎక్కడి నుంచి చదవాలన్నది) తప్పుగా ఇవ్వడం వల్ల వచ్చే తిప్పలే. పేపర్ వెలువడే దాకా డేటాను గోప్యంగా ఉంచమని అడగవచ్చు. పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్లు మాత్రం చూడగలిగేలా జియో, ప్రైడ్ విడిగా ప్రవేశ వివరాలు ఇస్తాయి. వాటిని ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్‌లో పెట్టండి.

కొత్త బ్యాక్టీరియా జాతిని వర్ణిస్తుంటే దాని టైప్ స్ట్రెయిన్‌ను (ఆ జాతికి ప్రమాణంగా నిలిచే నమూనాను) రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో పెట్టి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. మన దగ్గర చండీగఢ్‌లోని ఎంటీసీసీ ఉంది, రెండోది విదేశంలో ఉండాలి. పార్సిల్, అనుమతులు, అక్కడి పరీక్షలు కలిస్తే నెలలు పట్టవచ్చు. మొక్కలపై పని అయితే హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల భాండారంలో) ఆధారంగా దాచే వోచర్ నమూనా, దాని నంబర్ కావాలి.

ఎథిక్స్ అనుమతి కూడా అంతే. జంతువులైతే సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ (ఐఏఈసీ) నంబర్, మనుషుల నమూనాలైతే ఎథిక్స్ కమిటీ నంబర్‌తో పాటు సమ్మతి పత్రం. అనుమతి తేదీ ప్రయోగం తేదీ కంటే ముందుండాలి. ప్రయోగం అయ్యాక ఏ కమిటీ వెనక తేదీతో అనుమతి ఇవ్వదు. ఇక్కడ లోటుంటే ఎంత మంచి ఫలితమైనా అటకెక్కాల్సిందే.

రచయితల పేర్ల వరుస మొదటి డ్రాఫ్ట్‌కు ముందే తేల్చుకోండి. వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) నియమాల ప్రకారం పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో సవరించడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ అనే నాలుగూ ఉంటేనే రచయిత. పరికరం వాడుకోనిచ్చినవారికి కృతజ్ఞతల్లో చోటు చాలు. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) పేరు మర్యాద కోసం చేర్చే అలవాటు మన దగ్గర ఉంది. ఎవరు ఏం చేశారో రచయితల పాత్రలకు వాడే, 14 పాత్రలున్న ‘క్రెడిట్’ అనే జాబితాలో రాయమని జర్నల్ అడిగినప్పుడు ఆ పేరు ఎదురుగా రాయడానికి ఏమీ దొరకదు.

జర్నల్ ఎంపిక

మీ రిఫరెన్సుల జాబితానే చూడండి. అందులో మాటిమాటికీ కనిపించే జర్నల్స్ మీ పాఠకులు ఉన్న చోట్లు. వాటి గత రెండేళ్ల సంచికలు తిరగేసి, మీ జీవి, మీ తరహా ప్రయోగం అక్కడ వచ్చిందో లేదో చూసుకోండి. స్కోప్ కుదరని పేపర్ రివ్యూయర్ దాకా వెళ్లకుండానే ఎడిటర్ టేబుల్ మీది నుంచి వెనక్కి వస్తుంది. ఫీజు ఎంతో, మినహాయింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. వారంలో అచ్చు వేస్తామంటూ పొగడ్తలతో వచ్చే ఈమెయిల్‌ను నమ్మవద్దు. నమ్మదగిన జర్నల్స్‌తో యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి తనిఖీ భారం మీదే. ఉచితంగా చదవగలిగే జర్నల్స్ జాబితా డీఓఏజేలోనో, వెబ్ ఆఫ్ సైన్స్ జర్నల్ జాబితాలోనో జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్‌తో వెతకండి. అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడిపేవాళ్లూ ఉన్నారు, కాబట్టి లింకు కూడా ఆ జాబితా నుంచే తీసుకోండి.

ఫిగర్లు

ఎడిటర్ ముందు చూసేది బొమ్మలే. ఒక్కో ఫిగర్ ఒక్క మాట చెప్పాలి. ఆ మాటే దాని శీర్షిక. ఫిగర్లను వరుసగా గోడకు అంటించి చూస్తే, పక్కన వివరణ లేకుండానే కథ అర్థం కావాలి. కాకపోతే వరుసైనా తప్పు, ప్రయోగమైనా మిగిలి ఉంది.

సైజును మొదటి నుంచే అచ్చు కొలతలో పెట్టుకోండి. ఒక కాలమ్ సుమారు 85 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లు సుమారు 175. కచ్చితమైన కొలత జర్నల్ సూచనల్లో ఉంటుంది. 85 మిల్లీమీటర్ల వెడల్పుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే సుమారు 1000 పిక్సెళ్లు. పవర్‌పాయింట్ నుంచి నేరుగా బొమ్మగా సేవ్ చేస్తే మామూలుగా 96 డీపీఐ వస్తుంది, అచ్చులో మసకగా కనబడుతుంది. తర్వాత ఫోటోషాప్‌లో డీపీఐ పెంచినా లేని వివరం పుట్టదు. గ్రాఫ్‌లను ఆర్, ప్రిజమ్ వంటి సాఫ్ట్‌వేర్ నుంచి పీడీఎఫ్‌గా తీసి బొమ్మలు కూర్చే ఇంక్‌స్కేప్‌లో కూర్చండి. బొమ్మ అసలు సైజులో ఉన్నప్పుడు అక్షరాలు 6 నుంచి 8 పాయింట్లు ఉండాలి.

మైక్రోస్కోప్ చిత్రంపై స్కేల్ బార్ తప్పనిసరి. "400 రెట్లు" అని రాస్తే చాలదు. బొమ్మను పెంచినా తగ్గించినా ఆ లెక్క తప్పిపోతుంది, స్కేల్ బార్ మాత్రం బొమ్మతో పాటే మారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ జంట వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు విడిగా కనిపించదు. మెజెంటా, ఆకుపచ్చ వాడండి.

రివ్యూయర్లు ఎక్కువగా పట్టుకునేది "ఎన్" విలువను, అంటే స్వతంత్ర నమూనాల సంఖ్యను. మూడు ఎలుకలు, ఒక్కో దాని నుంచి 50 కణాలు కొలిస్తే ఎన్ 3, 150 కాదు. ఒకే ఎలుక కణాలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. వాటిని విడివిడిగా లెక్కేస్తే పీ విలువ (తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశానికి కొలత) లేనిపోని విధంగా చిన్నదై ఫలితం బలంగా కనిపిస్తుంది. ఒకే కల్చర్ నుంచి నింపిన మూడు వెల్స్ కూడా ఒక్క ప్రయోగమే. ఎర్రర్ బార్ ఎస్‌డీనా (విలువల వ్యాప్తి), ఎస్‌ఈఎమా (సగటులోని అనిశ్చితి) అన్నది ప్రతి లెజెండ్‌లో, అంటే ఫిగర్ కింది వివరణలో, రాయండి. ఎస్‌ఈఎం చిన్నగా కనిపిస్తుందని దాన్ని ఎంచుకునే అలవాటు రివ్యూయర్లకు బాగా తెలుసు. నమూనాలు తక్కువైతే కడ్డీల బదులు ఒక్కో విలువను చుక్కగా చూపించండి.

ప్రొటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ విషయంలో కత్తిరించని అసలు చిత్రాన్ని సప్లిమెంట్‌లో పెట్టండి. వేర్వేరు జెల్‌ల లేన్లను పక్కపక్కన చేరిస్తే మధ్య గీత గీసి లెజెండ్‌లో చెప్పండి. కాంట్రాస్ట్ మారిస్తే మొత్తం చిత్రానికి ఒకేలా మార్చాలి. శాస్త్ర పత్రాల్లో చిత్రాల లోపాలను వెతికే ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పేపర్లు పరిశీలించి, 3.8 శాతం పేపర్లలో ఒకే చిత్రాన్ని మళ్లీ వాడిన అనుమానాస్పద బొమ్మలు ఉన్నాయని 2016లో చూపించారు. డ్రాఫ్ట్‌లో చోటు నింపడానికి తాత్కాలికంగా పెట్టిన కంట్రోల్ చిత్రం అలాగే ఉండిపోతే మీ పేపర్ కూడా అలాగే కనిపిస్తుంది. అలాంటి చోట చిత్రం పెట్టకండి, ఖాళీ పెట్టె గీసి వదిలేయండి.

మెథడ్స్

ఇంకొక ల్యాబ్‌వాళ్లు మీకు ఫోన్ చేయకుండా ప్రయోగం చేయగలగాలి. సెంట్రిఫ్యూజ్‌లో "10,000 ఆర్‌పీఎం" (నిమిషానికి తిరుగుళ్లు) అంటే రోటర్ తెలియకుండా అర్థం లేదు. గురుత్వానికి ఎన్ని రెట్ల బలమో చెప్పే జీ విలువ రాయండి: 1.118ను 10 మైనస్ 5వ ఘాతంతో, సెంటీమీటర్లలో రోటర్ వ్యాసార్థంతో, ఆర్‌పీఎం వర్గంతో గుణిస్తే వస్తుంది. 8 సెంటీమీటర్ల రోటర్‌లో 10,000 ఆర్‌పీఎం సుమారు 8,900 జీ, 10 సెంటీమీటర్ల రోటర్‌లో సుమారు 11,200. "గది ఉష్ణోగ్రత" అని వదిలేయవద్దు. డిసెంబర్‌లో ఆదిలాబాద్ గది, మే నెలలో రెంటచింతల గది ఒకటి కాదు, అంకె వేయండి.

మన ప్రాంతపు ల్యాబ్‌ల నుంచి వెళ్లే మొక్కల కషాయాల పేపర్లలో ఎక్కువ లోపాలు ఇక్కడే. "వేపాకు సారం" చాలదు. శాస్త్రీయ నామం, ఏ భాగం, ఎక్కడ, ఏ నెలలో కోశారు, ఎంత ఎండు పొడిని ఎంత మిథనాల్‌లో ఎన్ని గంటలు నానబెట్టారు, చివరికి ఎన్ని గ్రాములు మిగిలాయి అన్నీ కావాలి. సారాన్ని కరిగించిన ద్రావకం డీఎంఎస్‌ఓను ఒక్కదాన్నే కంట్రోల్‌గా పెట్టకపోతే బ్యాక్టీరియాను ఆపింది సారమో ద్రావకమో ఎవరూ చెప్పలేరు. వరి అయితే "స్థానిక రకం" అనకుండా బీపీటీ 5204 (సాంబ మసూరి) అని రాసి, విత్తనం ఎక్కడిదో చెప్పండి. యాంటీబాడీకి కంపెనీ, కేటలాగ్ నంబర్, డైల్యూషన్. ప్రైమర్లకు 5′ నుంచి 3′ వరకు పూర్తి సీక్వెన్స్. సెల్ లైన్‌కు గుర్తింపు పరీక్ష, మైకోప్లాస్మా (కల్చర్లను కలుషితం చేసే బ్యాక్టీరియా) పరీక్ష.

జీన్ల పట్టికను ఎక్సెల్‌లో తెరిస్తే సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లు తేదీలుగా మారిపోతాయి. ఈ బాధ పడలేకే 2020లో మానవ జీన్ల నామకరణ సంఘం వాటిని సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చింది. పాత పేర్లున్న ఫైలైతే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోండి.

రాయడం, పంపడం

ఫలితాల్లో ఒక్కో పేరా ఎందుకు చేశారో చెప్పి మొదలై, ఏం తేలిందో చెప్పి ఆగాలి. దానికి అర్థమేమిటన్నది చర్చకు వదలండి. చర్చలో ఫలితాలను మళ్లీ ఏకరువు పెట్టకుండా, మీ ప్రయోగం ఏం చెప్పలేదో కూడా రాయండి. శీర్షికలో జీవి పేరు, తేలిన విషయం ఉండాలి. "ఒక అధ్యయనం" అన్నది అక్కర్లేదు. సారాంశానికి ప్లాస్ వన్ 300 పదాలు ఇస్తుంది, కొన్ని జర్నల్స్ అంతకంటే తక్కువకే ఆపమంటాయి. మనిషి జీన్ల పేర్లు అన్నీ పెద్దక్షరాల్లో ఇటాలిక్‌లో, ఎలుకవి మొదటి అక్షరం మాత్రమే పెద్దగా ఇటాలిక్‌లో, ప్రొటీన్లు నిలువు అక్షరాల్లో రాయాలి.

యూజీసీ 2018 నిబంధనల్లో ఇతర రచనలతో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. కానీ జర్నల్ మొత్తం శాతంతో ఆగదు, ఒకే మూలం నుంచి ఎంత వచ్చిందో కూడా చూస్తుంది. ఏఐ వాడితే చెప్పండి. అది ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటీ తెరిచి చూడండి, లేని పేపర్లను కల్పించడం దానికి అలవాటే.

కవర్ లెటర్ ఒక పేజీ దాటకూడదు: ఏం కనుగొన్నారు, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు కావాలి, ఇంకెక్కడా పంపలేదన్న మాట. రివ్యూయర్ల పేర్లు అడిగితే మీ సంస్థవాళ్లను, ఇటీవలి సహరచయితలను వదిలేసి, మిగతావాళ్లకు సంస్థ ఈమెయిల్ ఇవ్వండి. జీమెయిల్ అడ్రసు కనిపిస్తే ఎడిటర్‌కు అనుమానం వస్తుంది. నకిలీ రివ్యూల కారణంగా ఉపసంహరించిన పేపర్లు బోలెడు.

చివరగా, అప్‌లోడ్ అయ్యాక వెబ్‌సైట్ తయారుచేసే పీడీఎఫ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవండి. మ్యూ (µ) గుర్తు పెట్టెగా మారడం, ఫిగర్ 3 స్థానంలో ఫిగర్ 4 రావడం అక్కడే తెలుస్తాయి. ఎడిటోరియల్ మేనేజర్ అనే సమర్పణ వెబ్‌సైట్‌ను వాడే జర్నల్స్‌లో ఆ పీడీఎఫ్‌ను మీరు అప్రూవ్ చేస్తేనే పేపర్ వెళ్తుంది. చేయకపోతే అది మీ ఖాతాలోనే ఉండిపోతుంది. పంపామనుకుని వారాల తరబడి ఎదురుచూసేవాళ్లు ముందు ఆ బటన్ నొక్కారో లేదో చూసుకోవాలి.